మారుదారిలో జారిపోవు ప్యాకెట్లు

గోదావరి లంకలలో కాపురముండువారు వరదకాలమునకై యొక పడవను ఉంచుకొనుట మన విద్యార్థులలో అనేకులెఱిగినదే. వేసవియంతయు అది గట్టుమీద బోర్లించబడి యుండును. దానివంక చూచువారుండరు. కోళ్లు దానిక్రింద గ్రుడ్లు పెట్టుచుండును. శ్రావణమాసమున నీరు వాకిటిలోనికి వచ్చిననాడు దానిని త్రోసి నీటిలో వేయుదురు. అప్పుడు చెక్కల అతుకులనుండి నీరు సన్నసన్నగా ఊరుట మొదలిడును. ఎండకు చెక్క కుదించుకొనిపోయినది. గట్టుమీదనున్నంత కాలము ఆ సంగతి ఎవరికిని తెలియదు. పడవ మునుగదు, సరిగా తేలదు. ఒకడు తెడ్డు వేయుచుండ మఱియొకడు నీరు తోడుచుండవలెను.

ఈ వ్యాసమునందు మేము చెప్పబోవునది పడవను గూర్చి కాదు. గట్టుమీది పడవవంటిదే యగు మఱియొక సాధనమును గూర్చి.

మన పాఠశాలలోని కంప్యూటరు గదికి ఇంటర్నెట్టు రెండు త్రోవల వచ్చుచున్నది. మొదటిది స్తంభములమీదుగా వచ్చు ఫైబరు తీగ. రెండవది మన మేడమీద ఇనుపగొట్టమునకు కట్టిన రేడియో పళ్లెము. ఇది కాలువకు ఆవల సుమారు 2 కిలోమీటర్ల దూరమున మఱియొక మేడపైనున్న పళ్లెముతో మాటలాడును. తీగ తెగినప్పుడు రౌటరు తనంతట తానే రేడియో త్రోవకు మారును. ఈ రెండవ త్రోవనే మేము మారుదారి యనుచున్నాము.

రెండు త్రోవలేల యని కోనసీమలో పుట్టినవారెవ్వరును అడుగరాదు. మనము మూడువైపుల నదీపాయలును ఒకవైపు సముద్రమును చుట్టుకొనియున్న నేలమీద నున్నాము. రాజమహేంద్రవరము పోవలెనన్న రావులపాలెము దాటి జొన్నాడ వంతెన ఎక్కవలెను. తణుకు పోవలెనన్న సిద్ధాంతము వంతెన. రాజోలు వైపువారు పాలకొల్లు పోవుటకు చించినాడ వంతెన. ముమ్మిడివరము వైపువారు కాకినాడ పోవుటకు యెదుర్లంక వంతెన. ఒకటి మూసినచో మఱియొకటి కలదు. 1996వ సంవత్సరము నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుపానునందు ఈ సీమలో లెక్కలేనన్ని కొబ్బరిచెట్లును కరెంటు స్తంభములును నేలవ్రాలినవి. నేడు మన రాష్ట్రమున ఇంటర్నెట్టు తీగలు చాలవరకు ఆ కరెంటు స్తంభములనే ఆశ్రయించి యున్నవి. ఖర్చు తక్కువ, పని త్వరగా అగును. కాని స్తంభము పడినచో దీపమును పోవును, ఇంటర్నెట్టును పోవును. కనుక రెండవ త్రోవ ఆ స్తంభములను తాకకుండ పోవలెను. ఒకే స్తంభముమీద రెండు తీగలు వేసి తమకు రెండు త్రోవలు కలవని మురిసికొనువారిని మేము చూచియున్నాము. అవి రెండు త్రోవలు గావు.

ఇక ప్యాకెట్టు అననేమి? మీరు మీ మేనమామకు నూఱుపుటల ఉత్తరము వ్రాసితిరనుకొనుడు. దానిని ఒకే కట్టగా పంపక, పుటకొక కార్డు చొప్పున నూఱు కార్డులు చేసి, ప్రతి కార్డుమీదను మేనమామ చిరునామాయు, మీ చిరునామాయు, వరుస సంఖ్యయు వ్రాసి తపాలాపెట్టెలో వేసితిరి. కొన్ని జొన్నాడ మీదుగా పోవును, కొన్ని చించినాడ మీదుగా పోవును. ముందువెనుకలుగా చేరినను మీ మామ సంఖ్యలను బట్టి పేర్చి చదువుకొనును. 57వ కార్డు రాకున్నచో, ‘57 రాలేదు’ అని తెలుపును. మీరు దానిని మరల వ్రాసి పంపుదురు. ఇంటర్నెట్టు పని యీ రీతిదే. ఆ కార్డే ప్యాకెట్టు. అమెరికాలో పాల్ బారన్ అను నతడు 1964లో ఈ పద్ధతిని వివరించుచు వ్రాసెను. శత్రువులు కొన్ని కేంద్రములను ధ్వంసము చేసినను మిగిలిన త్రోవలవెంట వార్త చేరవలెనన్నది అతని కోరిక. అనగా మారుదారి యను తలంపు ప్యాకెట్టుతోపాటు పుట్టినదే. ఇంగ్లండులో డొనాల్డ్ డేవీస్ అను శాస్త్రజ్ఞుడు అతనితో సంబంధము లేకయే అదే దశాబ్దమున అదే పద్ధతిని కనుగొని, ఆ ముక్కలకు ప్యాకెట్టు అను పేరు పెట్టెను.

కార్డు దారిలో పోవుటయే ప్యాకెట్టు నష్టము. పూర్తిగా త్రోవ మూసికొనిపోయినచో అది వేఱు, అందఱికిని తెలియును. 2022వ సంవత్సరము మే 24వ తేదీన అమలాపురమునందు అల్లర్లు జరిగిన పిదప కోనసీమలో సెల్‌ఫోను ఇంటర్నెట్టు ప్రభుత్వాజ్ఞచే కొన్నిదినములు ఆగియుండెను. అప్పుడెవ్వరును తమ ఫోనును దులుపుకొనలేదు, తమ తీగను తిట్టుకొనలేదు. లేనిదని తెలిసి ఊరకుండిరి. పని తప్పనివారు నదులు దాటి పోయిరి. కష్టమంతయు ఉండియు లేని త్రోవతోనే. ఉదయము బాగుండును, మధ్యాహ్నము పోవును. చూడవచ్చిన మిస్త్రీ ముందు చక్కగా నడుచును, అతడు వెడలినంతనే కుంటును. చలిజ్వరపు రోగి వైద్యుడు వచ్చువేళకు చెమటపట్టి లేచి కూర్చుండునట్లు.

మా పాఠశాలలో ఇది బయటపడిన విధము చెప్పెదము. ఒక కార్తీకమాసమున గాలివాన పట్టినది. ఉపకారవేతనపు పరీక్షకు దరఖాస్తు పంపుటకు నాడే కడపటి దినము. పదునొకండు గంటలకు ఫైబరు తీగ తెగెను. రౌటరు మారుదారికి మారెను, పచ్చదీపము వెలిగెను. మేము సంతసించితిమి. దరఖాస్తు పుట తెరచుకొనుచున్నది. పేరు, తరగతి వ్రాయనిచ్చుచున్నది. ఫొటోయు ధ్రువపత్రమును పైకి పంపబోవునప్పటికి చక్రము గిఱగిఱ తిరుగుచు తిరుగుచు, ‘కాలము మించినది’ అని మొదటికి వచ్చుచున్నది. కొబ్బరికాయల ఒలుపుపని చేయు నొక తండ్రి కుమార్తె, ఎనిమిదవ తరగతిది, నాలుగుసార్లు మొదటినుండి వ్రాసినది. అయిదవసారి వ్రాయలేక బల్లమీద తల వాల్చినది. సాయంకాలము మూడు గంటలకు మాలో నొకరు ఆ బాలికను మోటారుసైకిలుమీద ఆ వానలోనే అమలాపురము తీసికొనిపోయి, అచట నొక దుకాణమున పని ముగించి రాత్రి ఇల్లు చేర్చిరి. ఒకరిని తీసికొనిపోగలిగితిమి. మఱి యిద్దఱు ఆ సంవత్సరమునకు పోగొట్టుకొనిరి. వారి తల్లిదండ్రులకు మేము చెప్పిన సమాధానము ‘వానవలన’ అని. అది నిజము కాదని పిదప తెలిసినది.

మఱునాడు తీగ అతికిరి. మేము మారుదారిని మఱచితిమి. ఇది మా తప్పు. పడవను మరల గట్టుమీద బోర్లించితిమి.

మాఘమాసమున రోడ్డుపనివారు త్రవ్వుచు ఫైబరు తీగను తెంపివేసిరి. ఆకాశమున మబ్బు లేదు. మారుదారి ఉదయమున గుఱ్ఱమువలె పరుగెత్తినది; మధ్యాహ్నము చతికిలబడినది. వానమీద వేసిన నేరము ఇక నిలువలేదు. అప్పుడు తొమ్మిదవ తరగతి విద్యార్థులను పదుగురను కూడగట్టి దీని మూలము కనుగొనవలెనని కూర్చుంటిమి.

మా మొదటి పనిముట్టు నలుబదిపుటల నోటుపుస్తకము. రెండవది పింగ్ అను చిన్న ఆజ్ఞ. ఈ పింగ్‌ను అమెరికా సైన్యపు బాలిస్టిక్ పరిశోధనాలయమున పనిచేయుచుండిన మైక్ మూస్ అను నతడు 1983 డిసెంబరులో ఇట్టి చిక్కు నొకదానిని విప్పుటకే వ్రాసెను. జలాంతర్గామి నీటిలో ధ్వని విడిచి, ప్రతిధ్వనిని బట్టి ఎదుటి వస్తువును పసికట్టునుగదా. ఆ ధ్వని పేరే దీనికి పెట్టెను. ఒక చిన్న ప్యాకెట్టును పంపి, ‘ఉన్నావా?’ అని అడుగుట. అవతలివాడు ‘ఉన్నాను’ అని దానినే త్రిప్పిపంపుట. నూఱు పంపి ఎన్ని రాలేదో లెక్కించినచో నష్టము నూటికింత అని తేలును.

నోటుపుస్తకమున గంట, గాలి, వాన, కరెంటు, రాని ప్యాకెట్లు అని అయిదు గడులు గీసితిమి. ఒక కంప్యూటరును మారుదారికి మాత్రమే తగిలించి గంటకొకసారి నూఱు పింగులు. బడివేళ తరగతి పిల్లలు, వేకువను రాత్రియు హాస్టలు పిల్లలు వంతులవారీగా వ్రాసిరి. గాలి గడిలో ఏమి వ్రాయవలెనని అడిగిరి. కొలుచు యంత్రము మనకు లేదు గనుక, ధ్వజస్తంభపు త్రాడు కదలనిచో సున్న, కదలినచో ఒకటి, కొట్టుకొని చప్పుడైనచో రెండు అని వ్రాయుడంటిమి.

మూడవనాడే మేము తొందరపడితిమి. సాయంకాలము నాలుగున్నరకు గదిలోని పాత తీగను తీసి క్రొత్తది వేసితిమి. ఆరు గంటలకు నూఱు పంపగా నూఱును వచ్చినవి. ఏడింటికిని అంతే. మఱునాటి ఉదయమున బడి కూడినప్పుడు రోగము కుదిరినదని అందఱి యెదుట చెప్పితిమి. పిల్లలు చప్పట్లు కొట్టిరి. ఆనాడు రెండు గంటలకు నూటికి తొమ్మిది పోయినవి. తీగ మార్చినందున కాదు, సాయంకాలమైనందున కుదిరినది! వచ్చుచు పోవుచుండు దోషముతో గల చిక్కు ఇదే. అది తనంతట తగ్గినవేళ మన చేతిలో ఏ మందుసీసా ఉన్నదో ఆ సీసాకు కీర్తి వచ్చును. అటుపిమ్మట ఏమి మార్చినను, దోషము కనబడు వేళలు మూడు గడచువఱకు కుదిరినదని పలుకరాదని నియమము పెట్టుకొంటిమి. ఒకసారికి ఒకదానినే మార్చవలెననియు, మార్చినది పుస్తకమున వ్రాయవలెననియు కూడ.

వారము గడచునప్పటికి పుస్తకమే మాటలాడసాగెను. వేకువను సున్న, తొమ్మిదింటికి సున్న. పదునొకండు దాటినది మొదలు రెండు, అయిదు, ఎనిమిది. అయిదు గంటల తరువాత తగ్గుముఖము. ఒక రాత్రి అకాలవర్షము కురిసినది, గాలి లేదు, నష్టము సున్న. రేడియోకు వాన శత్రువను మాట పెద్ద పౌనఃపున్యములయెడ నిజమే. 10 గిగాహెర్ట్జ్‌లు దాటినకొలది వానచినుకులు ఆ తరంగములను మ్రింగును. మనది 5.8 గిగాహెర్ట్జ్‌లది, 2 కిలోమీటర్లది. దానికి వాన లెక్కలోనిది కాదు. కరెంటు గడికిని నష్టపు గడికిని పొత్తు లేదు. గాలి గడిలో రెండు అని ఉన్నచోటనెల్ల నష్టపు గడి నిండియున్నది.

ఏ భాగమున పోవుచున్నదో తెలియుటకు త్రోవను ముక్కలు చేసితిమి. కాలువ చివరి పొలమునకు నీరు రానిచో రైతు ఏమి చేయును? తలతూమునుండి నడచుచు తూము తూమునకు ఆగి నీరు చూచును గదా. మధ్యాహ్నము రెండు గంటలకు గదినుండి మన మేడమీది పళ్లెమునకు నూఱు పింగులు పంపితిమి, అన్నియు వచ్చినవి. కాలువ ఆవలి పళ్లెమునకు పంపితిమి, 8 పోయినవి. ఆవలి మేడలోని రౌటరునకు పంపితిమి, 9 పోయినవి. దూరదేశమందలి యంత్రమునకు పంపితిమి, 8. కనుక పోవుచున్నది రెండు పళ్లెముల నడుమనే. ఆవల క్రొత్తగా పోవునది లేదు.

ఇచ్చట ఒక బాలుడు చక్కని సందేహమును తెచ్చెను. ట్రేస్‌రూట్ అను వేఱొక ఆజ్ఞ కలదు. దీనిని వాన్ జాకబ్‌సన్ అను నతడు 1980 దశాబ్దమున వ్రాసెను. ప్రతి ప్యాకెట్టుమీదను ‘ఇన్ని మజిలీలు దాటినచో నన్ను పారవేయుడు’ అను నొక సంఖ్య ఉండును; మజిలీ మజిలీకి ఒకటి తగ్గును; సున్న అయినచోట ఆ మజిలీవాడు దానిని పారవేసి పంపినవానికి తెలుపును. ఒకటి, రెండు, మూడు అని పెంచుచు పంపినచో దారిలోని మజిలీలన్నియు తమంత తామే పేర్లు చెప్పుకొనును. ఆ బాలుడు ప్రతి మజిలీకిని నూఱేసి పంపి చూచి, నాలుగవ మజిలీయొద్ద 40 పోవుచున్నవి, దోషమచ్చటనే కలదనెను. కాని అయిదవ మజిలీయొద్ద 8 మాత్రమే పోయినవి. నాలుగవ మజిలీలో నిజముగా 40 చచ్చినచో అయిదవదానికి 92 ఎట్లు చేరును? ఆ రౌటరు తన పనిలో మునిగియుండి, ఇట్టి పలుకరింపులకు కొన్నింటికే బదులిచ్చుచున్నది. ప్యాకెట్లను మాత్రము చక్కగా సాగనంపుచున్నది. నడుమ కనబడి చివరివఱకు కొనసాగని నష్టము నష్టము గాదు. ఈ సూక్ష్మము తెలియక పెద్దవారును ఎందఱో నిర్దోషులమీద నేరము మోపుచుందురు.

మఱునాడు మేడ ఎక్కితిమి. ఆవలి పళ్లెము కంటికి కనబడుచున్నది, మధ్యలో కొబ్బరితోపు, దాని మొవ్వుల నడుమనుండి తెల్లని చుక్కవలె తోచుచున్నది. పళ్లెము బిగించిననాటి పటములో ఆ తోపు తలలు త్రోవకు చాల దిగువనున్నవి. చెట్లు ఎదిగినవి! ‘కనబడుచున్నది గదా, అడ్డమేమి?’ అని పిల్లలడిగిరి. రేడియో తరంగము సూదిలో దారమువలె పోదు. రెండు కొనలయందు సన్నముగను, నడుమ లావుగను, దోసకాయ ఆకారమున పోవును. దీనిని ఫ్రెనెల్ మండలమందురు. ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుని పేరది. 5.8 గిగాహెర్ట్జ్‌లకు 2 కిలోమీటర్ల దూరమున నడిమధ్య ఆ దోసకాయ సగము లావు సుమారు 5 మీటర్లు. అందు పదింట ఆరు వంతులైనను, అనగా చూపురేఖ చుట్టు 3 మీటర్లు, ఖాళీగా ఉండవలెను. కంటికి సందు చాలినది, తరంగమునకు చాలలేదు. కొబ్బరాకు పదునైదడుగుల పైచిలుకు పొడవుండునది. గాలి లేనప్పుడు క్రిందికి వ్రాలి త్రోవ కొంత విడుచును. సముద్రపుగాలి లేచినప్పుడు ఊగుచు తరంగమునకు అడ్డము వచ్చుచు పోవుచుండును. ఆకు తడిసియున్నచో అది ఇంకను ఎక్కువ మ్రింగును. గాలివాననాడు మనకు జరిగినది ఇదే: వాన కాదు, వానలో తడిసి గాలికి ఊగిన ఆకు.

ఓడలరేవు, అంతర్వేది తీరములనుండి ఆ గాలి ఎండ ఎక్కినకొలది లోనికి వచ్చుననియు, సాయంకాలమునకు తగ్గుననియు భూగోళపాఠమున చెప్పుచునే యుందుము. ఆ పాఠము కంప్యూటరు గదిలోనికి వచ్చునని మేము తలంపలేదు.

తోపు స్వామి వృద్ధుడు. ఆయన యొద్దకు పోయి మేము నోరు తెరవకమునుపే, ‘చెట్టు కొట్టమంటే మాత్రం నా వల్ల కాదండి, మాస్టారండి. ఆ నాలుగు చెట్లూ మా నాన్న తుపాను తరవాత పెట్టినవండి’ అనెను. కాపునకు వచ్చిన చెట్టు ఈ సీమలో ఇంటి మనిషివంటిది. మేము అందుకు రాలేదనియు, మొవ్వు ఎంత ఎత్తున్నదో కొలుచుకొని పోవుటకు వచ్చితిమనియు చెప్పగా, ఆయన నవ్వి దింపు తీయువానిని పిలిపించి త్రాడుతో కొలిపించెను. పిల్లలకందఱకు బొండములు కొట్టించెను. చెట్లను కొట్టించి పని తేల్చుకొందమని సూచించినవారు మాలోను లేకపోలేదు. ఆ మాట నిలువకపోవుట మంచిదైనది. ఒక చెట్టు కొట్టినచో పక్కచెట్టు రెండేండ్లలో అదే ఎత్తునకు వచ్చును.

మన మేడమీది గొట్టమును 4 మీటర్లు ఎత్తు చేయించితిమి. నాలుగువైపుల స్టే తీగలు లాగి, పిడుగునకు భూమిలోనికి రాగితీగ దింపించితిమి. మూడు మధ్యాహ్నములు చూచితిమి. ధ్వజస్తంభపు త్రాడు పటపట కొట్టుకొనుచున్నను పింగులు నూటికి నూఱును వచ్చినవి. ఈసారి సభలో చెప్పలేదు.

చెప్పకపోవుటయే మేలైనది. పదిదినముల తరువాత పరీక్షార్థము ఒక ఫొటోను మారుదారిన పైకి పంపి చూచితిమి. ముందటికంటె నయమే గాని, ఫైబరున రెప్పపాటులో పోవునది ఇచట ఈడ్చుచున్నది. పింగు చూడబోయినచో నష్టము లేదు. పింగు అబద్ధమాడుచున్నదా?

అబద్ధము కాదు, మేము అడిగిన ప్రశ్న చిన్నది. పింగు మామూలుగా పంపు ప్యాకెట్టు 84 బైట్లది, అనగా 672 బిట్లు. ఫొటోను మోయు ప్యాకెట్టు 1500 బైట్లది, అనగా 12,000 బిట్లు. ఏదేని యొకచోట పది లక్షల బిట్లకు ఒక బిట్టు చెడుచున్నదనుకొనుడు. ఒక్క బిట్టు చెడినను ప్యాకెట్టు మొత్తమును పారవేయుదురు. చిన్న ప్యాకెట్టు చెడుటకు అవకాశము 10,00,000లో 672, నూటికి 0.07 కూడ కాదు. పెద్దది చెడుటకు 10,00,000లో 12,000, నూటికి 1.2. ఇరుకు సందులో కోడిపిల్ల పోవును, గేదె గీసికొనును. నూఱు చిన్న పింగులు పంపి సున్న నష్టమని మురియుట ఎంత బలహీనమైన సాక్ష్యమో గణితము తెలిసిన విద్యార్థులు గుర్తింపుడు: నూటికి నూఱు వచ్చినను నిజమైన నష్టము నూటికి మూడువఱకు ఉండవచ్చును. మూడువందలు పంపి మూడువందలును వచ్చినచో, నూటికి ఒకటికి మించదని ఇంచుమించు ధైర్యముగా చెప్పవచ్చును.

పింగును 1500 బైట్లకు పెంచి వేయేసి పంపితిమి. గదినుండి దూరదేశమునకు 12 పోయినవి. ఆవలి పళ్లెమునకు 13. మన మేడమీది పళ్లెమునకే 12! మొదటిసారి ముక్కలు చేసి చూచినప్పుడు ‘అన్నియు వచ్చినవి’ అని దాటివచ్చిన భాగమిది. రెండు దోషములుండగా పెద్దది చిన్నదానిని కప్పివేసినది. పైగా మేము చిన్నరాళ్లతో కొలిచితిమి. స్విచ్చిలో ప్రతి ద్వారమునకును చెడి వచ్చిన ప్యాకెట్ల లెక్క వ్రాయబడుచుండును. తెరచి చూచినచో మేడమీదికి పోవు ద్వారముయొద్ద ఆ సంఖ్య మా కన్నులయెదుటనే పెరుగుచున్నది. అది మొదటిదినముననే చూడదగినది.

మేడమీది తీగకొనను విప్పితిమి. ప్లాస్టికు తొడుగు పగిలియున్నది. లోపల ఎనిమిది సన్నపు కాళ్లలో రెండింటికి పచ్చని కిలుము పట్టినది. కడుగని రాగిచెంబునకు పట్టునట్టిదే. ఉప్పుగాలికి మన కిటికీల ఊచలు ఏమగునో ఎఱుగుదుము గదా. గదిలో మేము తీగను మార్చిన దినమున ఇదే తీగకు మేడమీది కొనను చూచియున్నచో ఒక నెల కలిసివచ్చెడిది. క్రొత్త కొన బిగించి, గాలి చొరని డబ్బాలోనుంచి, నీరు లోనికి దిగకుండ తీగను క్రింది వైపునకు వంచి తెచ్చితిమి. 1500 బైట్లవి మూడువేలు పంపితిమి. ఒకటియు పోలేదు.

నూటికి ఒకటి రెండు పోయినంత మాత్రమున ఫొటో ఇంతగా ఏల ఈడ్చవలెను, పోయినవి మరల పంపిన సరిపోదా యని అడుగుదురేమో. దీనికొక కథ కలదు. 1986వ సంవత్సరము అక్టోబరు మాసమున అమెరికాలో లారెన్స్ బర్కిలీ పరిశోధనాలయమునకును, బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకును నడుమ, అనగా 400 గజముల దూరమున, సెకనుకు 32,000 బిట్లు సాగవలసినచోట 40 బిట్లు సాగినవి. త్రోవ క్రిక్కిరిసి ప్యాకెట్లు పోవుచుండ, పంపువారు పోయినవానిని వెంటనే మరల త్రోయుచు ఇంకను క్రిక్కిరియజేసిరి. తిరునాళ్లలో ఇరుకు గుమ్మమువద్ద వెనుకవారు త్రోసినట్లు. ట్రేస్‌రూట్ వ్రాసిన జాకబ్‌సనే, మైకేల్ కేరెల్స్ అనువానితో కలసి దీనికి మందు కనుగొని 1988లో ప్రకటించెను. ఒక ప్యాకెట్టు పోయినదని తెలిసినచో దారి క్రిక్కిరిసినదని భావించి వేగమును సగమునకు తగ్గించుకొనవలెను. పిదప మెల్లమెల్లగా పెంచుకొనవలెను. ఈ మర్యాదవలననే ఇంటర్నెట్టు నేటికిని నిలిచియున్నది. కాని మన మేడమీద పోవుచున్నది జనసమ్మర్దమువలన కాదు, కిలుమువలన. పంపు యంత్రమునకు ఆ భేదము తెలియదు. ఎదుట ఖాళీదారి యుండగా, జనమున్నదని భ్రమించి మాటిమాటికి ఆగి నడచును. నష్టము నూఱురెట్లు పెరిగినచో వేగము పదియవవంతునకు దిగునని 1997లో లెక్కగట్టిరి. ఆ పిదప వచ్చిన కొన్ని క్రొత్త పద్ధతులు ఇంతగా మోసపోవు; అవి అన్నిచోట్లను లేవు. ఇక గాలివాననాటివలె నూటికి పదివఱకు పోవునప్పుడు, మరలపంపిన ప్యాకెట్టే మరల పోవుచుండును. ప్రతిసారియు వేచియుండు కాలము రెట్టింపగును: ఒక సెకను, రెండు, నాలుగు, ఎనిమిది, పదునాఱు. ఆవలి యంత్రము విసిగి తలుపు మూయును. ఆ బాలిక నాలుగుసార్లు చూచిన ‘కాలము మించినది’ అను మాట ఇట్లు పుట్టినది.

ఇంతకాలము ఇది ఏల తెలియలేదనగా, రౌటరు తన మారుదారి బ్రదికియున్నదో లేదో గంటకొకసారి ఒక చిన్న పింగుతో అడుగుచుండెను. బ్రదికియున్నానని అది బదులిచ్చుచుండెను. పచ్చదీపము వెలుగుచుండెను. గట్టుమీది పడవకు రంగు వేసి యున్నట్లు.

ఇప్పుడు ప్రతి శనివారము మధ్యాహ్నము రెండు గంటలకు, సముద్రపుగాలి జోరుమీదనున్నవేళ, ఫైబరు తీగను బుద్ధిపూర్వకముగా ఊడదీసి గదిలోని కంప్యూటర్లన్నింటిని ఒక గంట మారుదారిన నడుపుచున్నాము. పాఠము చూచుచున్నవారు గొణుగుదురు. గొణిగినవారి మాటను వేళతోసహా పుస్తకమున వ్రాయుదుము. మొదటి శనివారమున గొణుగుడు పదునాలుగు వరుసలు వచ్చినది. అందు పదునొకటి మారుదారివి కావు, కంప్యూటర్లవి.

దరఖాస్తు పోగొట్టుకొనిన యిద్దఱు విద్యార్థుల తల్లిదండ్రులను మరల పిలిపించి, నాడు చెప్పిన సమాధానము తప్పనియు, దోషము మా మేడమీదిదే ననియు చెప్పితిమి. ఒక తండ్రి ఏమియు అనలేదు. రెండవ పిల్లవాని తల్లి, ‘ఇప్పుడు బాగయ్యిందాండి?’ అని అడిగినది. బాగైనదంటిమి.

నోటుపుస్తకము రెండవది నడచుచున్నది. అందు ఆరవ గడి యొకటి గీసితిమి: తోపులోని నాలుగు చెట్ల మొవ్వుల ఎత్తు. ఏటేట మాఘమాసమున దింపు తీయువాడు ఎక్కినప్పుడు త్రాడు పట్టుకొని క్రింద నిలుచుండు వంతు ఎనిమిదవ తరగతివారిది.